నడుము సన్నని రేకు

కారు డిక్కీలోని ఆంప్లిఫయర్ పక్కకి ఓసారి వంగి చూడండి. లావుపాటి పవర్ తీగ దిగే చోట రెండు ప్లాస్టిక్ ఫ్యూజులు గుచ్చి ఉంటాయి. రంగు లేనివైతే 25 ఆంపియర్లవి, ఆకుపచ్చవైతే 30వి. ఒకదాన్ని పీకి వెలుతురుకి పట్టండి. రెండు కాళ్లనూ కలుపుతూ లోపల సన్నటి రేకు వంపు తిరిగి కనిపిస్తుంది. పనితనమంతా ఆ వంపులోనే ఉంది.

1976లో లిటిల్‌ఫ్యూజ్ కంపెనీ తెచ్చిన ఈ బ్లేడు ఫ్యూజుల్లో రేకు జింకుది. రాగి కరగాలంటే 1085 డిగ్రీల వేడి కావాలి, జింకుకి 420 చాలు. ఆ రేకుని కాళ్ల దగ్గర వెడల్పుగా, నడుము దగ్గర సన్నగా కోస్తారు. సన్నబడిన చోటే వేడెక్కువ. కరెంటు రెట్టింపైతే వేడి నాలుగింతలు. ఇక తెగేది ఎక్కడో వేరే చెప్పాలా!

నాకు ముచ్చటేసేది మాత్రం దాని ఓర్పు. బాస్ దెబ్బ పడ్డప్పుడల్లా ఆంప్లిఫయర్ గబుక్కున కరెంటు లాగుతుంది. రేకు కరిగేంత వేడెక్కేలోపే ఆ దెబ్బ అయిపోతుంది. 10 శాతం ఎక్కువ కరెంటుని ఈ ఫ్యూజు 100 గంటలైనా మోయాలి, రెట్టింపు పడితే 5 సెకన్లలోపు తెగాలి. పైన రెండు చుక్కలంత లోహాన్ని బయటికి వదలడం మరో ముందుచూపు: పీకకుండానే మీటరు పుల్లలు ఆనించి చూసుకోవచ్చు.

బ్యాటరీ దగ్గర ఇంకో పెద్ద ఫ్యూజు ఉండాలి, 18 అంగుళాలలోపు. అంటే మన మూరెడు! అది ఆంప్లిఫయర్ కోసం కాదు, తీగ కోసం. బానెట్ నుంచి డిక్కీ దాకా పాకే ఆ తీగ తొడుగు ఎక్కడో ఒరుసుకుని బాడీకి తగిలితే వందల ఆంపియర్లు పారతాయి. చివర కూర్చున్న ఆంప్లిఫయర్ ఫ్యూజుకి ఆ సంగతే తెలియదు. అందుకే పెద్ద ఫ్యూజు సైజుకి హద్దు తీగ మందం, వాట్లు కాదు. ఇంట్లో కిట్‌క్యాట్ ఫ్యూజుకి చేతికందిన తీగ చుట్టే అలవాటున్నవాళ్లు ఇక్కడా తగరపు కాగితం చుట్టేస్తారు. అలా చేస్తే కార్పెట్ కింది తీగే ఫ్యూజవుతుంది.

ఎగిరిపోయిన ఫ్యూజుని పారేయకండి, చూడండి. రేకు మధ్య శుభ్రంగా ఖాళీ ఉంటే చాలాసేపు భారం మోసి అలసి కరిగిందన్నమాట. లోపలంతా మసిబారితే గట్టి షార్టే. ఎగిరింది బ్యాటరీ దగ్గరిదైతే, కొత్తది గుచ్చే ముందు తీగ పొడవునా చేత్తో తడుముతూ వెళ్లాలి.