పేరు చెప్తేనే ఆగే యంత్రం

రైల్వే రిజర్వేషన్ కంప్యూటర్ మీదికి మొదట వచ్చింది ఢిల్లీలో, 1985 నవంబరులో. సీఎంసీ సంస్థ రాసిన ఆ ప్రోగ్రామ్ పేరు ఇంప్రెస్. కౌంటర్లలో గుమాస్తాల ముందున్న టెర్మినళ్లన్నీ లోపలి గదిలోని వాక్స్ కంప్యూటర్ల మీదే ఆధారపడేవి. అక్కడ ఆగితే బయట క్యూలు ఆగుతాయి.

వాక్స్ మీద నడిచే ఆపరేటింగ్ సిస్టమ్ వీఎంఎస్‌లో షట్‌డౌన్ చేయాలంటే ముందు జవాబులు చెప్పుకోవాలి. ఎన్ని నిమిషాల్లో ఆపాలి? కారణమేమిటి? మళ్లీ ఎప్పుడు మొదలవుతుంది? ఆ సంగతి లాగిన్ అయి ఉన్న అందరి తెరల మీదికీ వెళ్తుంది. చివరి నిమిషాల్లో కొత్త లాగిన్లు బందు. ఆపే మనిషి తన కారణాన్ని పదిమంది ముందు రాసి పెట్టాలన్నమాట. ఈ మర్యాద నాకెంతో ఇష్టం.

ఇప్పుడు నోయిడా, గురుగ్రామ్ ఆఫీసుల్లోనూ యూనివర్సిటీ ల్యాబుల్లోనూ పదిమంది పంచుకునే సర్వర్లు చాలావరకు లినక్స్‌వే. మామూలు యూజరు ఆపబోతే, ఇంకెవరైనా లాగిన్‌లో ఉన్నప్పుడు అందులోని సిస్టమ్‌డి అడ్మిన్ పాస్‌వర్డ్ అడుగుతుంది. మంచిదే. కానీ అసలు ప్రమాదం ఆ పాస్‌వర్డ్ తెలిసిన మనిషితోనే. అతని తెర మీద నాలుగు టెర్మినల్ విండోలుంటాయి. ఒకటి సొంత ల్యాప్‌టాప్‌ది, తక్కినవి సర్వర్లవి. చూడ్డానికి అన్నీ ఒకటే. ఇంటికి బయల్దేరుతూ ల్యాప్‌టాప్ ఆపుదామని కొట్టిన కమాండ్ సర్వర్ విండోలో పడితే, ఎవరో విద్యార్థి రెండు రోజులుగా నడుపుతున్న లెక్క అక్కడికక్కడే పోతుంది.

సరిగ్గా ఈ పొరపాటుకే కొలతలు తీసి కుట్టినట్టుంటుంది డెబియన్ లినక్స్‌లోని మోలీ-గార్డ్ అనే ప్రోగ్రామ్. పూర్వం ఒక ప్రోగ్రామర్ చిన్న కూతురు మోలీ ఐబీఎం 4341 కంప్యూటర్ ఎర్ర స్విచ్‌ని ఒకే రోజు రెండుసార్లు నొక్కిందనీ, దాంతో స్విచ్‌కి ప్లాస్టిక్ మూత బిగించారనీ కంప్యూటర్ వాళ్లు చెప్పుకుంటారు. ఆ మూతనే మార్టిన్ క్రాఫ్ట్ సాఫ్ట్‌వేర్‌లో కట్టాడు. అంతా కలిపి కొన్ని చిన్న షెల్ స్క్రిప్టులు. షట్‌డౌన్, రీబూట్, హాల్ట్, పవరాఫ్ కమాండ్లకు ముందు ఇది నిలబడుతుంది. మీరు ఎస్‌ఎస్‌హెచ్ ద్వారా దూరం నుంచి వచ్చారని పసిగడితే, ఆపబోయే యంత్రం పేరు టైప్ చేయమంటుంది.

పనితనమంతా ఆ ప్రశ్నలో ఉంది. ‘నిజంగా ఆపాలా?’ అంటే వేళ్లు అలవాటుగా ‘వై’ కొట్టేస్తాయి, మనసు దాకా ఏదీ వెళ్లదు. పేరు అడిగితే అలా కుదరదు. ల్యాప్‌టాప్ అనుకున్నవాడు ల్యాప్‌టాప్ పేరే రాస్తాడు. ఆ తప్పు జవాబే సర్వర్‌ని కాపాడుతుంది. అప్పుడు ప్రోగ్రామ్ ‘అడగడం మంచిదైంది, దీన్ని ఆపను’ అని మాత్రమే చెప్పి తప్పుకుంటుంది. మందలింపు లేదు. మధ్యలో కంట్రోల్-సీ కొట్టినా అదే జవాబు. అనుమానం వస్తే ఆపకపోవడమే దాని పద్ధతి.

ఎక్కడ అడగకూడదో కూడా దీనికి తెలుసు. రాత్రిపూట క్రాన్ అనే టైమర్ ప్రోగ్రామ్ తనంతట తాను రీబూట్ చేస్తే, ఎదురుగా జవాబిచ్చే మనిషి లేడు కనుక ప్రశ్న వేయదు. మామూలుగా యంత్రం ముందే కూచున్నవాణ్ణీ అడగదు. అతన్నీ అడగాలనుకుంటే సెట్టింగుల్లో ఒక్క లైను మార్చితే చాలు. గోడ దగ్గర ప్లగ్ పీకేవాణ్ణి మాత్రం ఏ స్క్రిప్టూ ఆపలేదు.

నాకు అన్నిటికన్నా నచ్చేది దాని రన్.డి ఫోల్డర్. అందులోని స్క్రిప్టులు వరుసగా నడుస్తాయి, ఏ ఒక్కటి విఫలమైనా షట్‌డౌన్ జరగదు. పేరు అడిగే ప్రశ్న కూడా అక్కడి ఒక స్క్రిప్టే. దాని పక్కన మన ల్యాబుకి కావలసింది మనమే పెట్టుకోవచ్చు. ‘హూ’ కమాండ్‌తో లాగిన్‌లో ఎవరెవరున్నారో చూసి, మనం కాక ఇంకొకరుంటే వాళ్ల పేర్లు చూపించి ఆగిపోయే నాలుగైదు లైన్లు సరిపోతాయి.