పిస్టల్ కంటే ముందు చెయ్యి

"ఏ పిస్టల్ మంచిది సార్?" గన్‌మన్ డ్యూటీ పడిన కానిస్టేబుల్ అడిగేదీ ఇదే, కొత్తగా లైసెన్సు చేతికొచ్చిన వ్యాపారి అడిగేదీ ఇదే. ఒక కంపెనీ పేరు చెబితే వాళ్లకు సరిపోతుంది. కానీ నేను ముందు ఒకటి అడుగుతాను: "దాంతో ఏడాదికి ఎన్ని రౌండ్లు కాలుస్తావు?" పోలీసులకు ఫైరింగ్ నేర్పినవాణ్ణి కాబట్టి ఈ మాట గట్టిగా చెబుతున్నాను. కొన్నప్పుడు మన చేతికొచ్చేది సగం భరోసా మాత్రమే. తక్కిన సగం రేంజ్‌లో సంపాదించుకోవాలి.

ఫ్యాక్టరీ ఇచ్చే ఆ సగాన్ని నేను చిన్నచూపు చూడటం లేదు. 1980ల ఆరంభంలో ఆస్ట్రియా సైన్యం కొత్త పిస్టల్ కోసం షరతులు పెట్టింది. మొదటి 10,000 రౌండ్లలో 20కి మించి ఆటంకాలు వస్తే ఆ పిస్టల్‌ను పక్కన పెట్టేస్తామంది. అంతకుముందు పిస్టల్ అన్నదే తయారుచేయని గాస్టన్ గ్లాక్ ఆ పరీక్ష నెగ్గాడు. 1982లో సైన్యం ఆయన పిస్టల్‌ను తీసుకుంది. విడిభాగాలు తక్కువ. బొటనవేలితో తిప్పాల్సిన సేఫ్టీ మీట లేదు. మొదటి తూటాకీ చివరి తూటాకీ ట్రిగ్గర్ ఒకే బరువుతో కదులుతుంది. భయంతో చేతులు వణికే క్షణంలో గుర్తుపెట్టుకోవాల్సింది ఎంత తక్కువగా ఉంటే అంత మేలు. డ్యూటీ పిస్టల్‌లో నేను మొదట చూసేది ఈ గుణమే.

మన పోలీసుల నడుముకు చాలాకాలంగా కనిపించేది ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీలో తయారయ్యే 9 ఎం.ఎం. పిస్టల్. బ్రౌనింగ్ హైపవర్ నమూనా, మ్యాగజైన్‌లో 13 రౌండ్లు. డిజైన్ పాతదే, కానీ బాగా చూసుకుంటే బాగానే పనిచేస్తుంది. చాంబర్ ఖాళీగా ఉంచుకుని తిరిగేవాడు మాత్రం తీయగానే స్లైడ్ లాగాలి, ఆ తర్వాతే గురి. ఈ వరుస ఆలోచించకుండా చేతికి వచ్చేయాలి. ప్రాక్టీసు లేనివాడికి ఆ ఒక్క క్షణమే చాలా దూరమవుతుంది.

పిస్టల్ మొరాయించగానే అందరూ కంపెనీని తిడతారు. నేను ముందు మ్యాగజైన్ చూస్తాను. పైఅంచులు వంగాయా, స్ప్రింగు బలం తగ్గిందా, లోపల దుమ్ము చేరిందా అని. ఆ తర్వాత చూసేది మణికట్టు. పిస్టల్ పేలినప్పుడు స్లైడ్ వెనక్కి పూర్తిగా వెళ్లి, ఖాళీ తొడుగును బయటకు విసిరి, కొత్త రౌండును లోపలికి తోయాలి. చెయ్యి వదులైతే పిస్టల్ మొత్తం వెనక్కి వంగి, ఆ ఊపు స్లైడ్‌కు చాలకుండా పోతుంది. ఖాళీ తొడుగు బయటకు పోలేక స్లైడ్ నోట్లో నిలువుగా ఇరుక్కుంటుంది. అదే పిస్టల్ తీసుకుని పక్కవాడు గట్టిగా పట్టి కాలిస్తే మ్యాగజైన్ మొత్తం ఆగకుండా ఖాళీ అవుతుంది. రేంజ్‌లో ఇది చూసినవాడికి భరోసా ఎక్కడుంటుందో ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు.

ఇంకో పరీక్ష ఉంది. రివాల్వర్ సిలిండర్‌లో అసలు రౌండ్ల మధ్య ఒక డమ్మీ పెట్టి, అదెక్కడుందో చెప్పకుండా చేతికిస్తాం. డమ్మీ మీద హ్యామర్ టక్కుమని పడుతుంది. పేలుడు లేదు, వెనక్కి తన్నడం లేదు. అయినా బ్యారెల్ మొన కిందికి దిగిపోతుంది. రాబోయే తన్నుకు భయపడి చెయ్యి ముందే ముడుచుకుందన్నమాట. దీన్ని ఎంత ఖరీదైన తుపాకీ కూడా సరిచేయలేదు. తన్ను తక్కువగా ఉండే .22 పిస్టల్‌తో మొదలుపెట్టి, ఓపికగా చేయించిన ప్రాక్టీసే సరిచేస్తుంది.

అమెరికాలో ఎఫ్‌బీఐ ఈ పాఠాన్ని చాలా మూల్యం చెల్లించి నేర్చుకుంది. 1986 ఏప్రిల్ 11న మయామీలో ఇద్దరు దోపిడీదొంగలతో జరిగిన కాల్పుల్లో ఇద్దరు ఏజెంట్లు చనిపోయారు, ఐదుగురు గాయపడ్డారు. చేతికి గాయమైన ఒక ఏజెంటు తన రివాల్వర్‌లో మళ్లీ రౌండ్లు నింపుకోలేకపోయాడు. ఆ తర్వాత పెద్ద తూటా కావాలన్నారు, 10 ఎం.ఎం. ఎంచుకున్నారు. దాని తన్ను చాలామందికి భారమైంది. 1990లో వచ్చిన .40 తూటాకు మారారు. చివరకు దాన్నీ వదిలి 9 ఎం.ఎం.కే తిరిగొచ్చారు. ఈలోగా 9 ఎం.ఎం. తూటాలు మెరుగయ్యాయి. పైగా దాంతో ఎక్కువమంది వేగంగా, గురి తప్పకుండా కాల్చగలిగారు. గురి తప్పిన పెద్ద తూటా కంటే తగలాల్సిన చోట తగిలిన చిన్న తూటా నయం.

ఇక ఇంటి రక్షణ. మన చట్టంలో 9 ఎం.ఎం. నిషిద్ధ బోరు, సాధారణ పౌరులకు అది దొరకదు. లైసెన్సుదారులు ఎక్కువగా .32 రివాల్వర్ గానీ పిస్టల్ గానీ తీసుకుంటారు. 2019 సవరణ తర్వాత ఒక మనిషి దగ్గర రెండు ఆయుధాలకు మించి ఉండకూడదు. కొనేవాళ్లు తరచూ బరువు చూసి మోసపోతారు. 2014లో మహిళల కోసమని కాన్పూర్‌లో తయారుచేసిన 'నిర్భీక్' రివాల్వర్ దాదాపు అర కిలో. సంచిలో పెట్టుకోవడానికి తేలికే. కానీ అదే తూటాకు తేలికైన తుపాకీ ఎక్కువ తన్నుతుంది, పొట్టి బ్యారెల్‌తో గురి కుదరడం మరింత కష్టం. మోయడానికి సుఖమైనది కాల్చడానికి సుఖంగా ఉండకపోవచ్చు. కొనేముందు ఆ మోడల్‌ను రేంజ్‌లో కాల్చి చూడండి. కొన్నాక తుపాకీ ఒక తాళంలో, రౌండ్లు మరో తాళంలో ఉండాలి. పిల్లలున్న ఇంట్లో ఈ నియమానికి మినహాయింపే లేదు.

కొత్త పిస్టళ్లకు నిధులు అడుగుతున్న అధికారులకు నా విన్నపం ఒకటే. అవసరమైతే పిస్టళ్లు కొన్ని తగ్గించండి, ప్రాక్టీసు రౌండ్లు మాత్రం పెంచండి. ఏడాదికోసారి వార్షిక ఫైరింగ్‌లో నాలుగు రౌండ్లు కాల్చి, ఖాళీ తొడుగులు లెక్క అప్పజెప్పి వచ్చే కానిస్టేబుల్‌ను జనం మధ్య ఆయుధంతో నిలబెట్టడం అతనికీ అన్యాయమే, ఆ జనానికీ అన్యాయమే. ఇక లైసెన్సుదారులకు చెప్పేది కూడా దాచను. రేంజ్‌కు వెళ్లే తీరికా ఓపికా లేకపోతే తుపాకీ కొనకండి. గట్టి తలుపు, మంచి తాళం, 112కు ఫోను, ఈ మూడూ మిమ్మల్ని అంతకంటే బాగా కాపాడతాయి.