పారాబెనులపై నేరారోపణ

నీరు కలిసిన ముఖలేపనములలో బూజు, బాక్టీరియా పెరుగకుండ కలుపు రసాయనములలో పారాబెనులు చాల పాతవి. వీటిపై భయము వ్యాపించుటకు ముఖ్యముగా 2004లో వెలువడిన ఒక పరిశోధన పత్రము కారణము. ఇంగ్లండులోని రీడింగ్ విశ్వవిద్యాలయమునకు చెందిన ఫిలిపా డార్బర్, ఆమె సహచరులు 20 రొమ్ము కణితులను పరీక్షించి, వాటిలో పారాబెనులు గలవని చూపిరి. ప్రశ్న మంచిదే. కాని ఆరోగ్యవంతమైన కణజాలముతో పోల్చి చూడలేదు. కణితి లేనిచోట గూడ అంతే ఉండవచ్చును గదా! పైగా కణజాలమే లేని ఖాళీ నమూనాలలో సైతము పారాబెనులు కనిపించినవి. అనగా ప్రయోగశాలలోనే, గాజుసామగ్రి నుండియో, ద్రావణుల నుండియో, కొంత వచ్చి చేరినదన్న మాట. మన విద్యార్థులు ఖాళీ నమూనాను తేలికగా తీసుకొందురు. వారికి చూపదగిన ఉదాహరణ ఇది. పారాబెనులే కాన్సరు కలిగించినవని రచయితలు అనలేదు. ఆ మాట చదివినవారు చేర్చుకొన్నదే.

ఫలితమేమి? కొందరు తయారీదారులు మిథైల్ ఐసోథయజొలినోనుకు మారిరి. దానివలన చర్మపు అలర్జీలు ఎంతగా పెరిగినవనగా, చర్మశోథను అధ్యయనము చేయు అమెరికా వైద్యసంఘమొకటి 2013లో దానినే ఆ యేటి అలర్జీకారకముగ ప్రకటించినది. 2019లో అదే సంఘము పారాబెనులను అలర్జీ కలిగించనివిగా పేర్కొన్నది!

అట్లని పారాబెనులన్నియు ఒకటి కావు. ఈస్ట్రోజెనును పోలిన బలహీన గుణము గొలుసు పొడవుతో పెరుగును. కనుక ప్రొపైల్, బ్యూటైల్ రకములకు ఐరోపా సమాఖ్య 2014లో 0.14 శాతము హద్దు పెట్టుట సబబే. మిథైల్ రకమునకు పూర్వపు 0.4 శాతమే నిలిచినది.