ఎరుపు తగ్గాక

యువియైటిస్‌తో, అంటే కంటి లోపలి వాపుతో, వచ్చినవాళ్ల కన్ను తెల్లబడగానే ఇంటిల్లిపాదీ స్థిమితపడతారు. కంటి డాక్టర్‌గా నేను మాత్రం అప్పుడే కంటి ఒత్తిడి మళ్లీ కొలుస్తాను.

కంటి లోపల ఎప్పుడూ నీరు ఊరుతుంటుంది. కన్నీరు కాదు, వేరే నీరు. కంటిపాపలోంచి ముందుకొచ్చి, నల్లగుడ్డు అంచు లోపలుండే సన్నని జల్లెడ గుండా బయటికి పోతుంది. ఊరేదీ పోయేదీ సరితూగితే ఒత్తిడి పాదరసం లెక్కన 10 నుంచి 21 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది. లోపల వాపు పుట్టిందా, ఊట మందగిస్తుంది. అదే సమయంలో వాపు కణాలు, ప్రొటీన్లు జల్లెడలో పేరుకుంటాయి. ఊట తక్కువగా ఉన్నన్నాళ్లూ ఆ పూడిక బయటపడదు. కొలిస్తే అంకె మామూలు కన్నా తక్కువే రావచ్చు. ఆ అంకెను నేను నమ్మను. మందు పనిచేసి ఊట పుంజుకున్నాక, పోయే దారి లేక నీరు నిలుస్తుంది. గ్లాకోమా, అంటే మనవాళ్లు నీటికాసులనే జబ్బు, అలా మొదలవుతుంది.

పైగా వాపు తగ్గించే స్టెరాయిడ్ చుక్కలే కొందరికి ఒత్తిడి పెంచుతాయి, సాధారణంగా కొన్ని వారాలు వాడాక. ఈ మాట విని భయపడి చుక్కలు ఆపేసేవాళ్లున్నారు. అదీ ప్రమాదమే. వాపు అదుపు తప్పితే కంటిపాప అంచు వెనకున్న లెన్స్‌కి అతుక్కుంటుంది. చుట్టూతా అతుక్కుందంటే నీరు ముందుకు రాలేక ఒత్తిడి ఒక్కసారిగా పెరుగుతుంది. మందు ఎక్కువైనా చేటే, తక్కువైనా చేటే. ఎంత వాడాలో తేల్చుకోవాలంటే కొలవాల్సిందే. కన్ను మొద్దుబారే చుక్క, కాస్త పసుపు రంగు, నీలి వెలుగు, ఒకట్రెండు నిమిషాల పని. ఓపీలో ఎంత రద్దీ ఉన్నా దీన్ని వదలకూడదని నా పట్టుదల.

"క్రితంసారి మీరు రాసిన చుక్కలే కదా సార్, ఎర్రబడినప్పుడల్లా షాపులో తెచ్చుకుని వేసుకుంటున్నా" అంటూ నలిగిపోయిన పాత చీటీ చూపిస్తారు కొందరు. నొప్పి ఉండదు, ఎదురుగా ఉన్నది బాగానే కనిపిస్తుంటుంది. ఫీల్డ్ టెస్ట్ చేస్తే పక్క చూపు పోయి ఉంటుంది. దెబ్బతిన్న కంటి నరం మళ్లీ కోలుకోదు. ఆ సంగతి వాళ్లకు చెప్పడం నాకు చాలా కష్టంగా ఉంటుంది.

పిల్లల సంగతి ఇంకా వేరు. కీళ్లవాతం ఉన్న పిల్లల్లో యువియైటిస్ వచ్చినా చాలాసార్లు కన్ను ఎర్రబడదు, నొప్పీ ఉండదు. మోకాలి వాపుకి మందు వాడుతున్న పాపను కంటి డాక్టర్‌కి ఎందుకు చూపించాలో తల్లిదండ్రులకు తోచదు. కీళ్ల డాక్టర్ పంపితేనే వస్తారు. వచ్చినా మరీ చిన్నపిల్లలు కొలవనివ్వరు, ఒక్కోసారి మత్తు ఇచ్చి చూడాల్సి వస్తుంది. మూడు నెలలకోసారి తీసుకురమ్మంటే "పాప బాగానే చూస్తోంది కదండీ" అంటుంది తల్లి. బాగా చూస్తున్నప్పుడే తీసుకురావాలమ్మా అని చెప్పి, తర్వాతి తేదీ చీటీ మీద పెద్ద అక్షరాలతో రాసిస్తాను.