ట్యాబు వచ్చిన బడి – మన కథకులు

కిందటి వేసవిలో మా శాఖ జరిపిన కథల గోష్ఠిలో నన్నొక వ్యాసం చదవమన్నారు. విషయం, కోవిడ్ తర్వాతి బడిని తెలుగు కథ ఎలా చిత్రించింది అన్నది. ఇరవై యేళ్లుగా తెలుగు పాఠం చెప్పుకుంటున్నవాణ్ణి, పైగా కథలు చదివే అలవాటు వదలనివాణ్ణి గనుక వొప్పుకున్నాను. మిత్రుల దగ్గర పత్రికలూ సంకలనాలూ అడిగి తెచ్చుకుని నలభైకి పైగా కథలు చదివాను. చదవడం పూర్తయ్యేసరికి నాకు ఆశ్చర్యం వేసింది. ఈ కథలన్నీ బడి గురించే. కాని వీటిలో ఎక్కడా పాఠం లేదు.

కాస్త వివరంగా చెబుతాను. కథలో ఒక కూలి తండ్రి వుంటాడు. ఆన్‌లైన్ క్లాసుకు ఫోను కావాలి. మేకను అమ్ముతారు, లేదా తల్లి కమ్మలు తాకట్టుకు పోతాయి. ఫోను వస్తుంది, సిగ్నలు రాదు. పిల్లవాడు సిగ్నలు కోసం చెట్టెక్కుతాడు, కాకపోతే గుట్టెక్కుతాడు. ఆఖరి పేరాలో కింద పడతాడు. ఇది మొదటి రకం. రెండో రకంలో ట్యాబు వరప్రసాదంగా దిగివస్తుంది. పూరింట్లో పుట్టిన అమ్మాయి తెరను వేలితో తాకుతుంది, ఆరు పేజీల తర్వాత జిల్లా కలెక్టరు చేతుల మీదుగా బహుమతి అందుకుంటుంది. మొదటి రకం మన శిబిరంలో ఎక్కువ. రెండో రకం ప్రభుత్వ ప్రకటనకు దగ్గరి చుట్టం. పైకి ఈ రెండూ పరస్పర విరుద్ధంగా కనిపిస్తాయి గాని వ్యాకరణం ఒకటే. రెండింటిలోనూ పరికరమే కర్త, మనిషి కర్మ.

చెట్టెక్కిన ఆ పిల్లవాడికి సిగ్నలు అందిన రెండు నిమిషాల్లో ఏ పాఠం వినపడింది? ఏ భాషలో వినపడింది? అందులో వాడికి తెలిసిన సంగతి ఏదైనా వుందా? నేను చదివినవాటిలో ఏ కథా ఈ ప్రశ్నలు వేసుకోలేదు. రైతు కథ రాసేవాడు విత్తనం గురించి తెలుసుకుంటాడు, నేత కథ రాసేవాడు మగ్గం ముందు కూర్చుంటాడు. బడి కథ రాసేవాడికి మాత్రం పాఠం అక్కర్లేకుండా పోయింది.

ఆ కథల్లోని బాధ అబద్ధమని నేను అనడం లేదు. 2020 మార్చిలో బడులు మూతపడ్డాయి. దూరదర్శన్ సప్తగిరిలో పాఠాలు వచ్చాయి, ఫోన్లున్న ఇళ్లకు వీడియోలు వచ్చాయి. మా పిడుగురాళ్ల వంటి వూళ్లో ఆ పాఠాల వేళకు చాలామంది పిల్లలు ముగ్గు మిల్లుల దగ్గరో మిరపకోతల్లోనో వున్నారు. బడి తెరిచాక తిరిగి రానివాళ్లూ వున్నారు. అది మా హాజరు పట్టీలో వున్న సత్యం. బాధ సత్యమైనంత మాత్రాన కథ సత్యమైపోదు, అదే నా ఫిర్యాదు. ఇందులో నా తప్పూ వుంది. 2021లో ఒక చిన్న పోటీకి న్యాయనిర్ణేతల్లో ఒకణ్ణిగా కూర్చుని, సరిగ్గా ఈ చెట్టెక్కి పడిపోయే కథకే నేను మొదటి బహుమతి రాశాను. కళ్లు చెమర్చాయి గనుక రాశాను.

ఇక పరికరాల సంగతి. 2022 జూన్‌లో రాష్ట్ర ప్రభుత్వం బైజూస్ కంపెనీతో ఒప్పందం చేసుకుంది. అదే సంవత్సరం డిసెంబరు 21న ఎనిమిదో తరగతి పిల్లలకు ఆ కంపెనీ పాఠాలు నింపిన ట్యాబుల పంపిణీ మొదలయింది. ప్రభుత్వ లెక్క ప్రకారం పిల్లలకు 4,59,564, ఉపాధ్యాయులకు 59,176. మరుసటి డిసెంబరులో ఇంకో విడత. నాడు-నేడు కింద ఆరో తరగతి నుంచి పైతరగతుల గదుల్లో గోడలకు పెద్ద తాకుతెరలు వచ్చాయి. వాటిని మేము ప్యానెల్ అంటాం. 2024 జూలైలో ఆ కంపెనీ మీద దివాలా విచారణ మొదలయింది. ప్రభుత్వమూ మారింది. ప్యానెళ్లు మాత్రం గోడలకు వున్నాయి.

చరిత్ర తెలిసినవారికి ఇది కొత్త కాదు. 1975 ఆగస్టు నుంచి 1976 జూలై దాకా, అమెరికా వారి ఉపగ్రహాన్ని ఏడాది గడువుతో అరువు తెచ్చుకుని, ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెలకు మనవాళ్లు టెలివిజన్ పాఠాలు చూపించారు. కర్నూలు, మహబూబ్‌నగర్ వంటి జిల్లాల పల్లెల్లో పిల్లలు తెలుగులోనే చూశారు. సైట్ అని దాని పేరు. గడువు తీరింది, ఉపగ్రహం వెనక్కు జరిగింది, పల్లెల్లో పెట్టెలు మిగిలాయి. పాఠం ఒకరి సొత్తుగా వున్నప్పుడు ఆ ఒకరు లేచిపోతే పాఠమూ లేచిపోతుంది. ఈ దెబ్బ సిగ్నలు లేకపోవడం కంటె పెద్దది. దీని మీద మనకు ఒక్క కథా లేదు. చెట్టు మీంచి పడడంలో వున్న దృశ్యం ఇందులో లేదు గదా!

యంత్రం మీద కోపానికీ, యంత్రాన్ని వాడుకునే పద్ధతి మీద కోపానికీ వున్న తేడాను గ్రహించడానికి కార్మికులకు చాలాకాలమూ చాలా అనుభవమూ పట్టిందని మార్క్స్ 1867లోనే, మరమగ్గాలు పగలగొట్టినవారి గురించి రాస్తూ, గుర్తు చేశాడు. మన కథకులు ఆ తేడా దగ్గరికి ఇంకా రాలేదు. ట్యాబును పగలగొట్టే కథ రాయడం తేలిక. అది ఎవరి చేతిలో ఎలా పనిచేస్తున్నదో చూసి రాయడానికి తరగతిలో కూర్చోవాలి.

నేను కూర్చున్న ఒక పీరియడు గురించి చెప్పాలి. కిందటేడు సైన్సు మాస్టారు సెలవు పెట్టిన రోజున పదో తరగతికి నన్ను పంపారు. నాకు రసాయన శాస్త్రం రాదు. పిల్లలే ప్యానెల్ తెరిచి వీడియో పెట్టారు. ఎవరు తీసిన వీడియోనో నేను గమనించలేదు. రసాయన చర్యల పాఠం. గాజు పాత్రలో తెల్లటి పొడి, పైనుంచి నీళ్లు, బుసబుస పొంగు, పాత్ర వేడెక్కిందని చూపే బొమ్మ. వ్యాఖ్యానం ఇంగ్లీషులో సాగుతోంది. కాల్షియం ఆక్సైడ్, కాల్షియం హైడ్రాక్సైడ్. చివరి బెంచీ నుంచి ఒకడు నవ్వుతూ అన్నాడు: "సార్, అది సున్నమే గదా. మా నాయన చేతులు చూస్తే ఈ వీడియో అక్కర్లేదు."

పిడుగురాళ్లను సున్నపు పట్టణమంటారు. వూరి చుట్టూ సున్నపురాయి, బట్టీలు, ముగ్గు మిల్లులు. రాయినీ బొగ్గునూ వరసలుగా పేర్చి కాలుస్తారు. కాలిన రాయిని తీసి ఎత్తేవాళ్ల చేతులకు చెమట తగిలితే చాలు, గాజు పాత్రలో జరిగేదే చర్మం మీద జరుగుతుంది. తరగతిలో సగంమంది ఇళ్లకు ఈ పనితో ఏదో ఒక సంబంధం వుంది. వాళ్ల జీవితమంతా ఆ తెర మీద వుంది. కాని సున్నం అన్న మాట అక్కడ లేదు. మన పాఠ్యపుస్తకాలు 2020-21 నుంచి ఎదురెదురు పేజీల్లో రెండు భాషల్లో వస్తున్నాయి గనుక పుస్తకంలో పిల్లవాడికి దారి దొరుకుతుంది. తెరకు ఎదురు పేజీ లేదు.

నేను వీడియో ఆపాను. ఆ వీడియోకు వున్న గొప్ప గుణం అదేనని అప్పుడు తోచింది, దాన్ని ఆపవచ్చు! మొదట అబ్బాయిని బట్టీ గురించి చెప్పమన్నాను. సిగ్గుపడ్డాడు. ఇంకొక అమ్మాయి లేచి, నీళ్లు చల్లే పని ఎవరు చేస్తారో, ముఖానికి గుడ్డ ఎందుకు కట్టుకుంటారో చెప్పింది. అప్పుడు అబ్బాయికి రోషం వచ్చి, నీకు తెలియదని సరిదిద్దడం మొదలుపెట్టాడు. పావుగంట గడిచింది. మళ్లీ వీడియో పెట్టాం. రెండోసారి వాళ్లు దాన్ని చూసిన తీరు వేరు. గాజు పాత్రను పట్టుకున్న చేతికి తొడుగు వుందన్న సంగతి మొదటిసారి ఎవరూ గమనించలేదు. ఈసారి వెనక బెంచీ నుంచి ఆ మాటే వచ్చింది: "ఆయనకి గ్లౌజులున్నాయి సార్."

ఆ తొడుగు నా దృష్టిలో కథా వస్తువు. ట్యాబు లేని పిల్లవాడి కథలో కంటె, తెర ముందు కూర్చుని తొడుగును చూసిన పిల్లవాడి కథలో వర్గ సమాజం ఎక్కువగా కనిపిస్తుంది. దీన్ని చూపించింది ఆ యంత్రమే. అయితే తనంతట తాను చూపించలేదు. ఆపేవాడూ, మాట్లాడేవాడూ, వినే నలభైమందీ వుండబట్టి చూపించింది. రికార్డయిన పాఠానికి ఎదుట ఎవరు కూర్చున్నారో తెలియదు. దానికి తెలియని ఆ సంగతి తెలిసినవాడు గదిలో వుండాలి. ఒక్కొక్కరి చేతికి ఒక్కొక్క ట్యాబు ఇచ్చి, చెవులకు తీగ పెట్టి, ఎవరి పాఠం వారిదే అన్నప్పుడు పోయేది ఈ గది. సిగ్నలు బ్రహ్మాండంగా వున్నా పోతుంది.

గోష్ఠిలో ఈ మాట చెప్పినప్పుడు ఒక యువ రచయిత లేచి, "అయితే కథ బదులు డాక్యుమెంటరీ రాయమంటారా?" అన్నారు. మంచి ప్రశ్నే. నాకు అక్కడ తడుముకోకుండా జవాబు రాలేదు. తర్వాత మా మండలపు మనిషి ఒకరు గుర్తొచ్చారు. అక్కిరాజు ఉమాకాంతం గుత్తికొండవారు. 1928లో నేటికాలపు కవిత్వమని పెద్ద విమర్శ గ్రంథం రాసి భావకవులను ఉతికి ఆరేసినాయన. ఆయన నిర్ణయాల్లో చాలావాటిని నేను వొప్పుకోను. కాని పల్నాటి వీరచరిత్రను పరిష్కరించి 1911లో అచ్చు వేయించింది ఆయనే. అచ్చు అప్పటి కొత్త యంత్రం, ఈ ప్రాంతపు కథకు సంబంధించినంతవరకు. తర్వాత 1974లో జీన్ రోగైర్ అనే అమెరికన్ పరిశోధకుడు టేప్ రికార్డరుతో పల్నాడు వచ్చి, అలిసెట్టి గాలెయ్య అనే మాల గాయకుడు పాడిన వీరుల కథను రికార్డు చేసి, అనువదించి 1982లో ఆక్స్‌ఫర్డ్ ద్వారా పుస్తకంగా వేశాడు. అచ్చు మనకు శ్రీనాథుడి పేరున్న ద్విపదను ఇచ్చింది. టేపు గాలెయ్యను ఇచ్చింది. కథ ఒకటే, యంత్రం మారినప్పుడు ఎవరి గొంతు నిలిచిందన్నది మారింది. గాలెయ్య గొంతు లోకానికి తెలిసింది, అది ఇంగ్లీషు పుస్తకమై తెలిసింది. కారెంపూడి పిల్లవాడు దాన్ని చదవాలంటే ఇంగ్లీషు రావాలి. ఈ రెండు సంగతులూ కలిపి చూడగలిగినవాడికి ట్యాబు మీద కథ ఎలా రాయాలో నేను చెప్పనక్కరలేదు. ఆ యువ రచయితకు ఇదే నా ఆలస్యపు జవాబు. డాక్యుమెంటరీ అక్కర్లేదు. గొంతు ఎవరిదో కనుక్కొంటే చాలు.

విద్యార్థి మిత్రులకు ఇంకొక మాట. పరిశోధన కోసం "డిజిటల్ విద్య – తెలుగు కథ" వంటి శీర్షికలు ఎంచుకునేవారు పెరిగారు. కథల పట్టిక, ఇతివృత్తాల సారాంశం, ముగింపు. దయచేసి ఒక్కరోజయినా ప్రభుత్వ బడిలో ప్యానెల్ ఎదుట కూర్చోండి. సినిమాను విమర్శించడం మనం నేర్చుకున్నాం, పాఠ్యపుస్తకాన్ని విమర్శించడం నేర్చుకున్నాం. తెర మీది పాఠాన్ని ఒక రచనగా తీసుకుని, అందులో మాట్లాడేది ఎవరు, ఎవరిని ఉద్దేశించి, ఏ చేతికి తొడుగు వుంది అని చదివిన విమర్శ వ్యాసం నాకు ఇంతవరకు కనబడలేదు.

ఆ పీరియడు తర్వాత నేను చేసిన పని చిన్నది. బట్టీ పనిలో వాడే మాటలన్నీ రాసుకు రమ్మని ఆ ఇద్దరికీ చెప్పాను. 1962లో భద్రిరాజు కృష్ణమూర్తిగారు వ్యవసాయ పదాలతో మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం తెచ్చినప్పుడు వూరూరా రైతుల దగ్గర చేసిన పనికి ఇది పిల్లల నమూనా. వారం తర్వాత నోటుపుస్తకంలో ముప్ఫై ఒక్క మాటలు వచ్చాయి. అదే ప్యానెల్ మీద ఆంధ్రభారతి నిఘంటు శోధన తెరిచి ఒక్కొక్క మాటా వెతికాం. తరగతి అంతా అరిచి అక్షరాలు చెబుతుంటే ఆ అమ్మాయి వేలితో కొట్టింది. చాలా మాటలు దొరికాయి. కొన్నింటికి అక్కడున్న అర్థం తప్పని అబ్బాయి వాదించాడు. నాలుగు దొరకలేదు. వాటిలో రెండింటికి వాళ్ల నాయన చెప్పిన అర్థం నాకు సరిగా బోధపడలేదు. ఆదివారం బట్టీ దగ్గరికి రమ్మని కబురు పంపాడాయన.