బొమ్మ పడ్డాక మొదటి రెండు నిమిషాలు

1955లో ఆటో ప్రెమింజర్ ‘ద మ్యాన్ విత్ ద గోల్డెన్ ఆర్మ్’ తీసినప్పుడు రీళ్ల డబ్బాల మీద ప్రొజెక్టర్ ఆపరేటర్లకు ఒక చీటీ అంటించి పంపారని సినిమావాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. టైటిల్స్ వేసేముందే తెరకు అడ్డంగా ఉన్న గుడ్డ లాగేయండి అని అందులో ఉందట. అప్పటిదాకా చాలా హాళ్లలో పేర్లు ఆ గుడ్డ మీదే పడిపోయేవి. జనం ఇంకా సీట్లు వెతుక్కుంటూ ఉండేవాళ్లు. టైటిల్స్ అంటే అంత లోకువ. ఆ లోకువను పోగొట్టిన మహానుభావుడు సాల్ బాస్. నల్లని తెర, దాని మీద కత్తెరతో కోసినట్టున్న తెల్ల పట్టీలు, వెనక ఎల్మర్ బెర్న్‌స్టీన్ జాజ్. పట్టీలు ఒక్కొక్కటే వచ్చి, తప్పుకుని, చివరికి వంకర్లు తిరిగిన చెయ్యిగా మారతాయి. మత్తుమందుకు బానిసైన మనిషి చెయ్యి అది. ఒక్క నటుడూ కనపడలేదు, ఒక్క మాటా వినపడలేదు. అయినా గుండె కలుక్కుమంటుంది.

అది థ్రిల్లర్ కాదు. కానీ థ్రిల్లర్ ఎలా మొదలవ్వాలో లోకానికి నేర్పింది ఆ చెయ్యే. తర్వాత బాస్ హిచ్‌కాక్ కోసం వరసగా మూడు అద్భుతాలు చేశాడు. 1958లో ‘వెర్టిగో’: ఒక స్త్రీ ముఖం, పెదవులు, కన్ను, ఆ కంట్లోంచి పుట్టుకొచ్చి తిరిగే సుడులు. జాన్ విట్నీ యంత్రంతో గీయించిన సుడులవి. 1959లో ‘నార్త్ బై నార్త్‌వెస్ట్’: పచ్చటి తెర మీద అడ్డంగా, నిలువుగా దూసుకొచ్చే గీతలు చూస్తుండగానే న్యూయార్క్‌లోని ఒక అద్దాల మేడ గోడ అయిపోతాయి, ఆ అద్దాల్లో కిందనున్న ట్రాఫిక్. 1960లో ‘సైకో’: పట్టీలు పేర్లను నడిమికి చీల్చేస్తాయి. హంతకుడి మనసూ అలాగే చీలి ఉందని గంటన్నర తర్వాత గాని మనకు తెలియదు. బెర్నార్డ్ హెర్మన్ తంత్రీ వాద్యాలు తప్ప ఇంకేమీ వాడకుండా ఆ సంగీతం చేశాడు. ఈ మూడింటినీ మించిన టైటిల్స్ ఇంతవరకు రాలేదని నా నమ్మకం. ఎవరైనా కాదంటే కూర్చోబెట్టి మళ్లీ చూపిస్తాను.

షార్ట్‌ఫిల్మ్ తీద్దామని ఉబలాటపడే మన కాలేజీ పిల్లలకు ఇదంతా చెప్పడానికి కారణం ఉంది. థ్రిల్లర్ మొదలుకు అన్నిటికన్నా ముందు కావలసింది దాచడం. ఎవరికి ఏది తెలియాలి, ఎవరికి తెలియకూడదు, ఎంతసేపు తెలియకూడదు అన్నది కెమెరా సంచీలోంచి బయటికి రాకముందే కాగితం మీద తేలిపోవాలి. ఆ కాగితం పని మానేసి చేసేదంతా చుక్కలు పెట్టకుండా మెలికల ముగ్గు వేయబోవడమే.

ఈ పనిని బడిపిల్లల చేత పద్ధతిగా చేయించినవాళ్లు ఉన్నారు. ఇంగ్లండ్‌లో ఓసీఆర్ అనే పరీక్షల బోర్డు 2008లో మొదలైన ఏఎస్ మీడియా స్టడీస్ సిలబస్‌లో పదహారు, పదిహేడేళ్ల పిల్లలకు ఒక ప్రాజెక్టు పెట్టింది. లేని సినిమా ఒకటి ఊహించుకుని, దాని టైటిల్స్, ప్రారంభం మాత్రం తీయాలి. రెండు నిమిషాలు దాటకూడదు. దృశ్యాలన్నీ సొంతంగా తీసినవే కావాలి. చాలా బళ్లలో పిల్లలు ఎగబడి థ్రిల్లరే ఎంచుకునేవాళ్లు. మొత్తం 100 మార్కుల్లో 20 పరిశోధనకు, ప్రణాళికకు. 60 తీసిన పనికి. మిగతా 20 తమ పనిని తామే బేరీజు వేసుకుని రాసినందుకు. ప్రణాళికకు విడిగా మార్కులు పెట్టినవాడి చేతులకు దండం పెట్టాలనిపిస్తుంది నాకు.

అసలు పనికి ముందు ఒక చిన్న అభ్యాసం కూడా ఉండేది. ఒక మనిషి తలుపు తీసుకుని లోపలికి రావాలి, గది దాటాలి, ఇంకో మనిషి ఎదురుగా కుర్చీలో కూర్చోవాలి, ఇద్దరూ ఒకటి రెండు మాటలు మాట్లాడుకోవాలి. అంతే. వినడానికి ఏముంది ఇందులో అనిపిస్తుంది. తీసి చూడండి, తెలుస్తుంది. వరండాలోంచి తీసిన షాట్‌లో చెయ్యి గడియ మీద పడుతుంది, గదిలోంచి తీసిన షాట్‌లో తలుపు తెరుచుకుంటుంది. కట్ ఎక్కడ పడాలి? గడియ సగం తిరిగినప్పుడు. కదలిక మధ్యలో కోస్తే కంటికి అతుకు తెలియదు. కదలిక అయిపోయాక కోస్తే తలుపు రెండుసార్లు తీసినట్టుంటుంది. ఇక ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నాక వాళ్ల మధ్య ఒక ఊహాగీత గీసుకుని, కెమెరా దానికి ఒకవైపే ఉండాలి. గీత దాటిందంటే ఎడమవైపు చూస్తున్నవాడు హఠాత్తుగా కుడివైపు చూస్తాడు, ఇద్దరూ ఒకే గోడను చూస్తూ మాట్లాడుకుంటున్నట్టు అయిపోతుంది. థ్రిల్లర్ అంటేనే సగం తలుపుల కథ. తలుపు సరిగ్గా తీయడం వచ్చినవాడికే తలుపు వెనక ఎవరో ఉన్నారని భయపెట్టడం వస్తుంది.

బాంబు గురించి హిచ్‌కాక్ ఫ్రెంచ్ దర్శకుడు త్రూఫోతో చెప్పిన లెక్క సినిమా పిల్లలందరికీ కంఠతా రావాలి. బల్ల కింద బాంబు ఉందని మనకు చెప్పకుండా పేలిస్తే పదిహేను సెకన్ల ఉలికిపాటు. ముందే చూపించి, బల్ల దగ్గరవాళ్లను మామూలు కబుర్లు చెప్పుకోనిస్తే పదిహేను నిమిషాల ఉత్కంఠ. ఈ లెక్కను ఆర్సన్ వెల్స్ ‘టచ్ ఆఫ్ ఈవిల్’ (1958) మొదటి షాట్‌లో కళ్లకు కట్టాడు. తెర నిండా రెండు చేతులు, ఒక బాంబు, టైమర్ తిప్పుతున్న వేళ్లు. చేతులు పరుగెత్తి ఒక కారు డిక్కీలో దాన్ని పెట్టి మాయమవుతాయి. కారు యజమాని, పక్కన ఒక అమ్మాయి వచ్చి ఎక్కుతారు. కెమెరా క్రేన్ మీద లేచి ఇళ్ల కప్పుల మీదుగా సాగి, సరిహద్దు ఊరి వీధిలోకి దిగుతుంది. ఆ వీధిలోనే చార్ల్టన్ హెస్టన్, జానెట్ లీ కొత్త దంపతులుగా నడుస్తుంటారు. కారు వాళ్లను దాటుతుంది, మేకల మంద అడ్డొచ్చి ఆగుతుంది, వాళ్లు కారును దాటుతారు. ఒక్క కట్ లేదు. మూడు నిమిషాల పైచిలుకు మన ఊపిరి ఆ డిక్కీలోనే ఉంటుంది. రసెల్ మెటీ అనే ఛాయాగ్రాహకుడికి ఈ ఒక్క షాట్ చాలు, చరిత్రలో నిలిచిపోవడానికి.

స్టూడియో ఏం చేసింది? ఆ షాట్ మీద పేర్లు కుమ్మరించింది, హెన్రీ మాన్సినీ బాణీ మోగించింది. వెల్స్ 58 పేజీల ఉత్తరం రాసి మొత్తుకున్నాడు. ఆ వీధిలో నడుస్తుంటే కొట్ల నుంచి, క్లబ్బుల నుంచి, కారు రేడియో నుంచి వినపడే రకరకాల పాటలు కలిసిపోవాలి తప్ప పైనుంచి పూసిన సంగీతం కాదని అతని వాదన. నలభై ఏళ్లకు, 1998లో, ఎడిటర్ వాల్టర్ మర్చ్ ఆ ఉత్తరం ముందు పెట్టుకుని సినిమాను మళ్లీ కూర్చాడు. పేర్లు తీసేశాడు, వీధి చప్పుళ్లు తిరిగి తెచ్చాడు. మాన్సినీ బాణీయే బాగుందనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. నేను మాత్రం వెల్స్ పక్షం. కారు రేడియో దగ్గరపడుతూ దూరమవుతూ ఉంటే మరణం ఎంత దూరంలో ఉందో చెవికే తెలుస్తుంది. ఏ డప్పూ ఆ పని చేయలేదు.

క్రేన్ మా దగ్గరెక్కడుంది అంటారా? ఫ్రిట్జ్ లాంగ్ 1931లో తీసిన ‘ఎమ్’ చూడండి. తల్లి భోజనం పళ్లెం సర్ది కూతురు బడి నుంచి వస్తుందని ఎదురుచూస్తుంటుంది. గోడ గడియారం కొడుతుంది. బయట ఆ పిల్ల రివార్డు కాగితం అంటించిన స్తంభానికేసి బంతి కొట్టుకుంటుంటే ఆ కాగితం మీద ఒక మగాడి నీడ పడుతుంది. కాసేపటికి తల్లి పిలుస్తుంది. ఆ పిలుపు మీద ఖాళీ మెట్లు, బట్టలారేసిన ఖాళీ అటక, ఖాళీ పళ్లెం. గడ్డిలోంచి బంతి ఒకటి దొర్లుకుంటూ వచ్చి ఆగుతుంది. తీగలకు చిక్కుకున్న బుడగ గాలికి కొట్టుకుని ఎగిరిపోతుంది. రక్తం చుక్క కనపడదు, కత్తి కనపడదు. బంతి, బుడగ, పళ్లెం కొనడానికి ఏ కాలేజీ కుర్రాడి దగ్గర డబ్బుల్లేవు?

డబ్బు సాకు చెప్పేవాళ్లకు ఇంకో సమాధానం క్రిస్టఫర్ నోలన్ ‘ఫాలోయింగ్’ (1998). దాదాపు 6,000 డాలర్లతో, లండన్‌లో, పదహారు మిల్లీమీటర్ల నలుపు తెలుపు ఫిల్మ్ మీద, ఉద్యోగాలు చేసుకునే స్నేహితులతో శనివారాల్లో తీసుకుంటూ వచ్చాడు. ఫిల్మ్ ఖరీదు కాబట్టి నాటకంలా రిహార్సల్స్ చేయించి ఒకటి రెండు టేకుల్లో ముగించేవాడు. కిటికీ వెలుతురే లైటింగు. పేదరికమే ప్రణాళికను నేర్పింది.

ఆమధ్య ఒక కాలేజీ షార్ట్‌ఫిల్మ్‌ల ప్రదర్శనలో నన్ను కట్టిపడేసిన ప్రారంభం ఒకటి చెప్పాలి. హాస్టల్ గది గుమ్మం. బయట మూడు జతల చెప్పులు. కెమెరా నేలకు జానెడు ఎత్తులో ఉంది, కదలదు. లోపల ముగ్గురు అమ్మాయిల నవ్వులు, స్టీలు గ్లాసుల చప్పుడు. చెప్పుల మీదుగా, నేల బండ మీద, పేర్లు చిన్నగా పడుతున్నాయి. కరెంటు పోయింది. చీకట్లో ఫ్యాను నెమ్మదించి ఆగిన శబ్దం, ఎవరో కొవ్వొత్తి ఎక్కడే అని అడిగారు. కరెంటు వచ్చింది. నాలుగు జతలు. లోపల నవ్వులు మళ్లీ మొదలయ్యాయి. హాలంతా ఒక్కసారి గుసగుసలు. తర్వాత ఆ సినిమా తీసిన అమ్మాయి నోటుబుక్కు చూపించింది. నాలుగో జత ఏ రంగువి కావాలి, కొత్తవా అరిగినవా, మడమ గోడవైపు ఉండాలా గుమ్మంవైపు ఉండాలా అని బొమ్మలు వేసుకుని కొట్టేసుకుంది. లోపలికి వెళ్లినవాళ్ల చెప్పుల ముందుభాగం గుమ్మంవైపు ఉంటుంది కదా. ఆ నాలుగో జత మాత్రం బయటికి తిరిగి ఉంది. పారిపోవడానికి సిద్ధంగా విడిచినవి! ఆ ఒక్క ఆలోచనకు నేను సాష్టాంగపడతాను.

స్టోరీబోర్డు అంటే హాలీవుడ్ ఆడంబరం అనుకునేవాళ్లకు మన బాపు గారిని గుర్తు చేయాలి. షాట్లన్నీ ముందే బొమ్మలుగా వేసుకుని సెట్‌కు వెళ్లే అలవాటు ఆయనది. బొమ్మ రాకపోతే కర్రపుల్లల మనుషులు వేసినా చాలు. ఆ బొమ్మలను ఫోన్‌తో ఫొటో తీసి, ఒక్కోటి ఎన్ని సెకన్లుండాలో అన్ని సెకన్లు పేర్చి, కింద మాటలు, చప్పుళ్లు నోటితోనే రికార్డు చేసి చూసుకోవాలి. దీన్నే యానిమాటిక్ అంటారు. రెండు నిమిషాలంటే సెకనుకు 25 ఫ్రేముల లెక్కన 3,000 ఫ్రేములు. పది పేర్లు వేయాలి, ఒక్కోటి మూడు సెకన్లు నిలవాలి అనుకుంటే అరనిమిషం వాటికే పోయింది. ఆ అరనిమిషం ప్రేక్షకుడి కన్ను ఫ్రేములో ఎక్కడుంటుందో తెలియకుండా పేర్లు ఎక్కడ పెడతారు? కన్ను తలుపు మీద ఉండాల్సిన క్షణంలో కింది మూలలో ఎడిటర్ పేరు పడితే ఆ తలుపూ వృథా, ఆ పేరూ వృథా.

అక్షరాల దగ్గర మనకు ఇంకొక శ్రద్ధ కావాలి. ఇంగ్లిషు పెద్దక్షరాలు ఒక పట్టీలో ఒదుగుతాయి. మన అక్షరానికి పైన గుడి, కింద ఒత్తు, రెండింటికీ చోటు వదలాలి. సన్నగీతల అక్షరం ఎడిటింగ్ తెర మీద ముచ్చటగా ఉంటుంది, ఫోన్‌లో చూస్తే తలకట్టు మాయమైపోతుంది. అక్షరాలను వణికించి, చీల్చి భయపెట్టాలనుకుంటే ఒత్తు ఊడి పేరే మారిపోతుంది. బ్రష్షుతోనో, బొగ్గుతోనో చేత్తో రాసి స్కాన్ చేస్తే వచ్చే ప్రాణం ఏ ఫాంటుకూ రాదు.

ఇక కడుపు మండే సంగతి. 1995లో కైల్ కూపర్ ‘సెవెన్’ టైటిల్స్ చేశాడు. హంతకుడి చేతులు వేలికొసల చర్మాన్ని బ్లేడుతో చెక్కుకోవడం, నోటుబుక్కులు కుట్టడం, మాటలు కొట్టేయడం. ఫిల్మ్ మీద చేత్తో గీకిన పేర్లు. నైన్ ఇంచ్ నెయిల్స్ పాట రీమిక్సు. హంతకుడి వేషం వేసిన నటుడి పేరు ఆ టైటిల్స్‌లో వేయకుండా దాచారు కూడా. ఎంత పకడ్బందీ ఆలోచన! దాన్ని చూసి వచ్చిన నకళ్లు లెక్కలేనన్ని. ఏ కథైనా సరే, వణికే అక్షరాలు, చిరిగిన ఫొటోలు, గోడకు గుచ్చిన ఎర్రదారం. ఇప్పుడు ఆ నకళ్లకు కూడా నకళ్లు టెంప్లేట్ల రూపంలో ఫోన్‌లోనే దొరుకుతున్నాయి. పేరు మార్చు, నొక్కు, అయిపోయింది. ఊరి మీద డ్రోన్ షాట్, హోరుమంటూ పెరిగే అరువు శబ్దం, ఢాం అని ఒక మోత, నెత్తురు కారే ఫాంటు. ఒకే ప్రదర్శనలో ఒకే మోత వేర్వేరు సినిమాల్లో వింటుంటే కళ్లనీళ్లొచ్చాయి. ఈ పిల్లల్లో ఎంతమంది ఆ చెప్పుల అమ్మాయిలా ఆలోచించగలిగేవాళ్లో! ఎవరూ అడగలేదు కాబట్టి ఎవరూ ఆలోచించలేదు.

2017లో నెట్‌ఫ్లిక్స్ ‘స్కిప్ ఇంట్రో’ మీట తెచ్చింది. బాస్ పక్కకు లాగించిన గుడ్డను మళ్లీ తెర మీద కప్పేశారు. మీట నొక్కే ప్రేక్షకుణ్ణి నేను తప్పుపట్టను, నొక్కాలనిపించేలా తీసినవాళ్లనే తప్పుపడతాను. చెప్పుల జతలు లెక్కపెడుతున్నవాడు ఏ మీటా నొక్కడు.

షార్ట్‌ఫిల్మ్ పోటీలు పెట్టే కాలేజీలకు, సంఘాలకు నా విన్నపం ఇది. సినిమాతో పాటు నోటుబుక్కు కూడా అడగండి. స్టోరీబోర్డు, షాట్ల జాబితా, పేర్లు ఏ సెకనులో ఎక్కడ పడతాయో రాసిన కాగితం, లొకేషన్‌లో ఎవరూ మాట్లాడకుండా ఒక నిమిషం రికార్డు చేసిన గది నిశ్శబ్దం, ఇవన్నీ చూసి నూటికి ఇరవై మార్కులు వాటికే వేయండి. అరువు మోత వాడినవాళ్లకు అందులో సున్నా వేయండి. టైటిల్స్‌కు విడిగా ఒక బహుమతి పెట్టండి. ఈ ఏడాదే పెట్టండి, వచ్చే ఏడాదికి ఆ పిల్లలు చదువైపోయి వెళ్లిపోతారు.