మాట ఎదుటివాళ్ళది, ముఖం ఆవిడది

తెలుగు సీరియల్‌ని వెక్కిరించడానికి అందరికీ చేతికందే ఆయుధం ఒకటుంది. హాల్లో ఎవరో ఒక మాట అంటారు. అక్కడున్న ఏడుగురి ముఖాలూ వరసగా తెరమీదికొస్తాయి, ఒక్కో ముఖానికీ ఒక్కో ఉరుము. మాట పడ్డ కోడలి ముఖమైతే మూడుసార్లు వస్తుంది. ఆ మూడూ ఒకేలా ఉంటే ఆ అమ్మాయికి నటన రాదని లెక్క. మూడూ మూడు రకాలుగా ఉంటే మాత్రం అక్కడ పనితనం ఉంది, కాస్త ఆగి చూడాలి.

మా నిజాంపేటలో అలా ఆగి చూసేవాళ్ళకి కొదవలేదు. జేఎన్‌టీయూ కూడలి నుంచి బాచుపల్లి, ప్రగతినగర్ దాకా అపార్ట్‌మెంట్లే. హైటెక్ సిటీ ఉద్యోగాల్లో ఉన్న పిల్లల కోసం గుంటూరు నుంచో భీమవరం నుంచో వచ్చి, మనవల్ని స్కూలు బస్సెక్కిస్తూ ఇక్కడే ఉండిపోయిన పెద్దవాళ్ళు ప్రతి అంతస్తులోనూ ఉంటారు. సాయంత్రం ఏడు దాటితే టీవీ వాళ్ళది. కోడలు క్యాబ్‌లో ఇంటికొస్తూ అదే సీరియల్‌ని ఫోన్‌లో చూస్తున్నా పైకి ఒప్పుకోదు. సీరియల్‌కి అసలైన విమర్శకులు ఈ పెద్దవాళ్ళే. కథలో తర్కం లేదని వాళ్ళకి మనకంటే బాగా తెలుసు. వాళ్ళు చూసేది కథని కాదు, నటిని. ఏ అమ్మాయి నిజంగా వింటోందో, ఏ అమ్మాయి తన వంతు డైలాగ్ కోసం కాచుకుని ఉందో మొదటి వారంలోనే తేల్చేస్తారు.

వినడం ఎందుకంత కష్టమో తెలియాలంటే షూటింగ్ ఎలా సాగుతుందో చూడాలి. సినిమాకి రోజంతా కష్టపడితే రెండు మూడు నిమిషాల సరుకు వస్తుంది. సీరియల్‌కి సుమారు ఒక ఎపిసోడ్ సరుకు, అంటే ఇరవై నిమిషాల పైచిలుకు రావాలి. సీన్ పేపర్ చాలాసార్లు పొద్దున సెట్లోనే చేతికొస్తుంది. బట్టీ పట్టే వ్యవధి ఉండదు కాబట్టి ప్రాంప్టింగ్. కెమెరా పక్కన అసిస్టెంట్ డైలాగ్ చదువుతుంటాడు, నటి దాన్ని అందుకుని చెబుతుంది. ముందు అందరినీ కలిపి ఒక షాట్, తర్వాత భుజం మీదుగా సజెషన్ షాట్లు, ఆ తర్వాత క్లోజులు. నాయిక క్లోజు వచ్చేసరికి అత్తగారి వేషం వేసినావిడ తన భాగం ముగించుకుని వెళ్ళిపోయి ఉండొచ్చు. అప్పుడు నాయిక చూడాల్సింది లెన్సుకి పక్కనున్న ఖాళీ చోటుని. ఆ చూపుని సెట్లో ‘లుక్’ అంటారు. వినబడేది గుండెలు పిండే నింద కాదు, అసిస్టెంట్ గడగడా చదివే కాగితం. మాట అయిపోయాక కూడా డైరెక్టర్ వెంటనే ‘కట్’ అనడు. వెనక మ్యూజిక్‌కి, జూమ్‌కి చోటు కావాలి. ఆ నాలుగైదు సెకన్లు ఆమె ముఖం ఖాళీ కాకూడదు.

గ్లిజరిన్ కన్నీళ్ళు మాత్రమే తెస్తుంది. గొంతులో ముద్ద అడ్డుపడటం, పెదవి బిగుసుకోవడం, గడ్డం వణక్కుండా ఆపుకోవడం అది తేలేదు. మంచి నటి ముందు మాటని లోపలికి వెళ్ళనిస్తుంది. కళ్ళు ఒక్క క్షణం ఎదుటి మనిషిని వదిలేస్తాయి, తర్వాత గుటక, నీళ్ళు తిరగడం ఆఖరిది. చేతకాని నటి నీళ్ళతోనే మొదలుపెడుతుంది, ఇక అక్కణ్ణుంచి ఎక్కడికీ వెళ్ళలేదు. పైగా ఇది రెండున్నర గంటల సినిమా కాదు. వందల ఎపిసోడ్ల పాటు అదే మనిషికి అవే అవమానాలు. మొదటి నెలలోనే నిండుగా ఏడ్చేసిన నాయికకి రెండో ఏట మిగిలేదేమీ ఉండదు.

ఈ పొదుపు తెలిసిన నటి ఎవరంటే నిజాంపేటలో నాలుగేళ్ళ పిల్లాణ్ణడిగినా చెప్పే పేరు ‘వంటలక్క’. స్టార్ మాలో 2017 అక్టోబరు 16న మొదలై 2023 జనవరి 23 దాకా, 1500కు పైగా ఎపిసోడ్లు నడిచిన ‘కార్తీక దీపం’లో దీప పాత్ర. వేసిన ప్రేమి విశ్వనాథ్ మలయాళీ. ఏషియానెట్‌లో 2014లో మొదలైన ‘కరుత్తముత్తు’కి మన సీరియల్ రీమేక్. అక్కడ నాయికగా వేసిన ప్రేమినే ఇక్కడికీ తెచ్చుకున్నారు. అంటే ఆ అమ్మాయి అవమానాలు ప్రేమికి కొత్తవి కావు. ఏ నింద కథలో ఎంత దూరం వెళ్తుందో, దేనికి ఎంత ఖర్చుపెట్టాలో ముందే తెలిసిన నటి.

కథ తెలిసిందే. నల్లగా ఉందని చిన్నప్పట్నుంచీ మాటలు పడ్డ దీప డాక్టర్ కార్తీక్‌ని పెళ్ళాడుతుంది. విలన్ మోనిత కుట్రని నమ్మి అతను ఆమె కడుపులో బిడ్డని శంకిస్తాడు. దీప ఇల్లు వదిలి వెళ్ళి, వంటచేసి బతుకుతూ కూతుర్ని పెంచుకుంటుంది. సీరియల్ మొత్తంలో తెలివైన నిర్ణయం ఏదంటే ఆమెకి వంట వృత్తిగా ఇవ్వడమే అంటాను. అది నటికి చేతినిండా పని ఇచ్చింది. కూరగాయలు తరుగుతూ, గరిటె తిప్పుతూ, కొంగుతో చెమట తుడుచుకుంటూ వినొచ్చు. చేతులు ఆడుతున్నంతసేపూ ముఖం ఏమీ చెయ్యక్కర్లేదు. మాట తగిలిన చోట కత్తి ఆగుతుంది, అంతే. వెంటనే మళ్ళీ తరగడం మొదలవుతుంది. ఉరుములూ మెరుపులూ తీసేసి చూసినా ఆ ఆగడం అర్థమవుతుంది. చెంపదెబ్బ కొట్టే నాయికలు సీరియళ్ళలో చాలామందే ఉన్నారు. దీప బలం దెబ్బలో లేదు, మాట పడ్డాక కూడా పొయ్యి మీది కూర మాడిపోనివ్వకపోవడంలో ఉంది.

ఈ మనిషి మనకి కొత్తేం కాదు. 1960లలో ‘జ్యోతి’ మాసపత్రికలో యద్దనపూడి సులోచనారాణి ‘సెక్రటరీ’ చదివినవాళ్ళకి జయంతి గుర్తుండే ఉంటుంది. ఉద్యోగం చేసుకుని బతికే అమ్మాయి, డబ్బున్నవాడి ముందు తల వంచని ఆత్మాభిమానం. వచ్చే సంచిక కోసం చదువరిని ఎక్కడ ఆపాలో ఆ నవలలు నేర్పాయి, సీరియళ్ళు ఆ విద్యని రోజువారీ చేశాయి. 1981లో వచ్చిన ‘న్యాయం కావాలి’, డి. కామేశ్వరి ‘కొత్తమలుపు’ నవలకి తెరరూపం, మోసపోయిన అమ్మాయిని కోర్టుకెక్కించింది. ఆ పాత్ర వేసిన రాధిక 1999లో సన్ టీవీలో ‘చిత్తి’ మొదలుపెట్టింది. అదే తెలుగులో జెమినిలో ‘పిన్ని’. అందులో నటి ఆవిడే, నిర్మాణ సంస్థా ఆవిడదే. సీన్ ఎంతసేపుండాలో తనే చెప్పగల నటికి ఖాళీ చోటుని చూసి ఏడవాల్సిన అగత్యం తగ్గుతుంది. మన దగ్గర ‘ఋతురాగాలు’, ‘చక్రవాకం’, ‘మొగలిరేకులు’ తీసిన మంజులా నాయుడు కూడా మెగాఫోన్ తన చేతిలో పెట్టుకున్న మనిషే. ఆ సీరియళ్ళలో ఆడవాళ్ళు మాటకి మాట చెప్పగలిగారంటే అందులో ఆశ్చర్యమేముంది?

నిజాంపేట నుంచి మియాపూర్, చందానగర్ దాటి వెళ్తే లింగంపల్లి దగ్గర సురభి కాలనీ వస్తుంది. ఐటీ టవర్ల నీడలో ఉన్న ఆ కాలనీ గురించి ఈ పక్క అపార్ట్‌మెంట్లలో చాలామందికి తెలియదు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో ‘కీచక వధ’ ఆడి మొదలైన నాటక కుటుంబాలవి. బయట స్థానం నరసింహారావు చీరకట్టి సత్యభామగా జనాన్ని ఉర్రూతలూగించిన రోజుల్లోనే సురభిలో ఆడవేషాలు ఆడవాళ్ళే వేశారు. తొలి తెలుగు టాకీ, 1932 నాటి ‘భక్త ప్రహ్లాద’లో లీలావతిగా వేసిన సురభి కమలాబాయి ఆ ఇంటి మనిషే. వాళ్ళ విద్య అంతా గొంతు. చివరి వరసలో చాపమీద కూర్చున్నవాడికి పద్యం అందాలి. సీరియల్ నటి విద్య దీనికి సరిగ్గా తిరగేసినది. ఆమెకి వెయ్యిమంది ఎదురుగా లేరు, మూడడుగుల దూరంలో ఒక లెన్సు ఉంది. కాస్త కనుబొమ్మ కదిలినా అతి అవుతుంది. పైగా కన్నడం నుంచో మలయాళం నుంచో వచ్చిన నటి అయితే మనం వినే గొంతు చాలాసార్లు ఆమెది కాదు, ఏ డబ్బింగ్ థియేటర్లోనో ఆ పెదవుల కదలిక చూస్తూ మాటలు నింపిన మరో ఆవిడది. ఊపిరి ఎక్కడ ఆగాలో, ఏ మాట మీద గొంతు జీరబోవాలో ఆ రెండో ఆవిడే తేలుస్తుంది. ముఖానికి అవార్డులు, గొంతుకి అజ్ఞాతం. ఇది నాకు మింగుడుపడదు.

మింగుడుపడనిది మరొకటుంది. ప్రేమి విశ్వనాథ్ తెల్లటి మనిషి. ముఖానికీ మెడకీ చేతులకీ ముదురు రంగు పూసి దీపని చేశారు. నలుపుని ఈసడించడం తప్పని ఐదేళ్ళు చెప్పిన కథలో నల్లటి అమ్మాయికి వేషం దొరకలేదు. ఆ పైన పాతివ్రత్యం రుజువు చేసుకునే పాత తంతు. డాక్టర్‌గారికి నిజం ఎప్పుడు తెలుస్తుందన్నది రెండు తెలుగు రాష్ట్రాల ఉమ్మడి జోకైపోయింది. చదువుకున్నవాడు ఒక్క పరీక్ష చేయించుకుంటే తేలే సంగతిని ఏళ్ళ తరబడి ఆమె నెత్తినే ఉంచారు.

న్యాయంగా చెప్పాలంటే, కథలో తనకేం కావాలో తెలిసి, దానికోసం అడుగు ముందుకేసిన మనిషి మోనిత. కన్నడ నటి శోభా శెట్టి ఆ విలనీని జంకు లేకుండా చేసింది. కదిలేదీ, మాట్లాడేదీ, నవ్వేదీ ఆమె. అది చూడటానికి సులువుగా నచ్చే నటన. అందుకే ఆమెని తిట్టుకుంటూ అభిమానించారు. 2023లో బిగ్‌బాస్ ఏడో సీజన్‌కి వెళ్ళినప్పుడు కూడా జనం నోట ఆమె మోనితే. అయితే మోనిత ఎంత గట్టిగా విసిరినా ఆ మాట దిగబడ్డానికి ఎదురుగా దీప ముఖం కావాలి.

ఇది చానెల్‌వాళ్ళకి 2022లో తెలిసొచ్చింది. ఆ మార్చిలో కారు ప్రమాదం పెట్టి దీపనీ డాక్టర్‌బాబునీ కథలోంచి తప్పించారు. వాళ్ళ కూతుళ్ళు హిమ, శౌర్య పెద్దవాళ్ళయ్యారు, కొత్త ముఖాలు, కొత్త ప్రేమలు. నాయికల వయసు తగ్గింది, బట్టలు మారాయి, కుట్రలు పాతవే. జనం ఒప్పుకోలేదు. కొన్ని నెలలకే వంటలక్కని ఆసుపత్రి మంచం మీద కోమాలోంచి లేపి వెనక్కి తీసుకొచ్చారు. ఇన్నాళ్ళూ కోమాలో ఉందంటే మరి అంత్యక్రియలు ఎవరికి చేశారని మా అపార్ట్‌మెంట్లో ఒక్కరూ అడగలేదు.